టీవీ కింద చప్పుడు చేయని పెట్టె: మూడు ప్రాసెసర్లను తూచి చూస్తే

సినిమా ఆడుతున్నంతసేపూ ప్రాసెసర్ కోర్లకు పెద్దగా పనుండదు. హోమ్ థియేటర్ కంప్యూటర్ కోసం వెతికేవాళ్లు కోర్ల లెక్క, గిగాహెర్ట్జ్‌ల లెక్క చూసి బోల్తా పడేది ఇక్కడే. వీడియో ఫైలును విప్పేది కోర్లు కావు, గ్రాఫిక్స్ భాగంలో ఓ మూలన ఉండే డీకోడర్. దానికి ఆ ఫార్మాట్ వస్తే 6 వాట్ల చిప్ కూడా 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు మామూలు వీడియోకన్నా విస్తృతంగా ఉండే రకం) సినిమాను చల్లగా ఆడించేస్తుంది. రాకపోతే భారమంతా కోర్ల మీద పడుతుంది, చిప్ వేడెక్కుతుంది, ఫ్యాన్ అందుకుంటుంది. తెర మీద ఇద్దరు గుసగుసలాడుకునే సీన్ వచ్చేసరికి గదిలో వినపడేది ఫ్యానొక్కటే.

అందుకని ఇక్కడ తూచాల్సింది వేగాన్ని కాదు. డీకోడర్‌కు ఏమేం వచ్చు, హెచ్‌డీఎంఐ పోర్టు ఎంత మోయగలదు, వేడిని ఎంతలో కట్టడి చేయవచ్చు అన్నవే చూడాలి. బరిలో ఉన్నవి ఇంటెల్ ఎన్100, ఇంటెల్ కోర్ ఐ3-12100, ఏఎండీ రైజెన్ 5 8600జీ. ఒకదానికొకటి నేరుగా పోటీ కావు గానీ, చిన్న పెట్టె కట్టుకోవాలనుకునేవాళ్లు చివరికి తచ్చాడేది వీటి మధ్యే.

డీకోడర్ పని ఏపాటిదో ఒక్క ఫ్రేము తీసుకుని చూడండి. 4కే అంటే 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. రంగుల మెట్లు ఎక్కువుండే 10-బిట్ వీడియోలో రంగు వివరాలను కుదించి దాచినా సరే, విప్పిన ఒక్కో ఫ్రేము మెమరీలో సుమారు 25 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములైతే మెమరీలో రాయడానికే 1.5 గిగాబైట్లు. తర్వాత మళ్లీ చదవాలి, తెర సైజుకు సర్దాలి, సబ్‌టైటిల్స్ అతికించాలి, టీవీకి పంపాలి. ఎన్100కు ఉన్నది ఒకటే మెమరీ ఛానెల్. డీడీఆర్4-3200 వేస్తే సెకనుకు 25.6 గిగాబైట్ల దారి దొరుకుతుంది. సినిమాకు ఇది చాలు. దుబారాకు మాత్రం చాలదు.

ఇప్పుడు ఫార్మాట్లు. వీడియోను కుదించి దాచే పద్ధతులైన హెచ్‌ఈవీసీ 10-బిట్, వీపీ9 10-బిట్, ఏవీ1 అనే ఈ మూడింటినీ డీకోడర్ హార్డ్‌వేర్‌లోనే విప్పగలగాలి. మొదటి రెండూ ఇంటెల్ 7వ తరం నుంచే ఉన్నాయి. చిక్కల్లా ఏవీ1తోనే. ఇంటెల్ వైపు 11వ తరం నుంచి వచ్చింది, 10వ తరం డెస్క్‌టాప్ చిప్‌లకు రాదు. ఏఎండీ వైపు ఆర్‌డీఎన్‌ఏ2 అనే తరం గ్రాఫిక్స్ నుంచి వచ్చింది. కాబట్టి చాలామంది చవగ్గా వస్తోందని చూసే రైజెన్ 5 5600జీ ఇక్కడ పనికిరాదు. ఆరు కోర్లున్నా దాని లోపలున్నది పాత వేగా గ్రాఫిక్స్, ఏవీ1 డీకోడర్ లేదు. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ 8వ తరం మినీ పీసీలదీ అదే కథ. పైగా ఇంటెల్ 7 నుంచి 10వ తరం దాకా డెస్క్‌టాప్ చిప్‌లకు సొంతంగా హెచ్‌డీఎంఐ 2.0 లేదు. బోర్డు తయారుచేసినవాళ్లు వేరే మార్పిడి చిప్ పెడితేనే 4కే 60 హెర్ట్జ్ (తెర సెకనుకు 60 సార్లు మారడం) వస్తుంది. చాలా బోర్డుల్లో పెట్టలేదు.

ఇంకో ఉచ్చు పేరు చివర ఉంటుంది. ఇంటెల్‌లో ఎఫ్, కేఎఫ్ అని ముగిసే చిప్‌లకు గ్రాఫిక్సే ఉండదు. ఏఎండీలో 7500ఎఫ్, 8400ఎఫ్, 8700ఎఫ్ అంతే. ఒక్క అక్షరం చూసుకోకపోతే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి, ఇక చిన్న పెట్టె అన్న ముచ్చటే ఉండదు.

ఎన్100తో మొదలుపెడదాం. 2023లో వచ్చింది. నాలుగు చిన్న కోర్లు, గరిష్ఠంగా 3.4 గిగాహెర్ట్జ్, కాగితం మీద 6 వాట్లు. సాకెట్‌లో పెట్టే చిప్ కాదు, బోర్డుకు అతికించే వస్తుంది. అంటే మీరు కొనేది ప్రాసెసర్‌ను కాదు, మొత్తం పెట్టెనో బోర్డునో. డీకోడర్ మాత్రం పెద్ద చిప్‌లలో ఉన్న తరానిదే. హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అన్నీ చక్కగా విప్పుతుంది. హెచ్‌డీఆర్ టీవీ ఉండి, కోడి (Kodi) లాంటి వీడియో ప్లేయర్‌తో ఫైళ్లు చూసుకోవడమే పనైతే ఇంతకు మించి ఖర్చుపెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

లోటు ఎక్కడంటే గ్రాఫిక్స్ వేగంలో. 24 యూనిట్లు ఉన్నా 750 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. టీవీకి హెచ్‌డీఆర్ లేదనుకోండి, హెచ్‌డీఆర్ సినిమా రంగులను మామూలు తెరకు సరిపడేలా కుదించే పని గ్రాఫిక్స్ మీద పడుతుంది. ఎంపీవీ ప్లేయర్‌ను ఎక్కువ నాణ్యత సెట్టింగులో పెట్టి 4కే ఆడిస్తే ఎన్100 అక్కడ తడబడి ఫ్రేములు జారవిడుస్తుంది. అదే ప్లేయర్‌ను ఫాస్ట్ ప్రొఫైల్‌కు మారిస్తే ఊపిరి తీసుకుంటుంది. 1080 ఫైళ్లను మంచి ఫిల్టర్లతో 4కేకి పెంచి చూడాలన్న సరదా ఉన్నవాళ్లకు కూడా ఇది కాదు. దీని తమ్ముడు ఎన్150లో గ్రాఫిక్స్ 1 గిగాహెర్ట్జ్‌కు పెరిగింది, కోర్లు 3.6కు. దొరికితే అదే తీసుకోండి, దానికోసం వెతుక్కుంటూ పోనక్కర్లేదు. 8 కోర్ల ఎన్305 ఈ పనికి అనవసరపు వేడి.

కోర్ ఐ3-12100 గురించి చెప్పుకోవాల్సింది దాని కోర్ల గురించి కాదు. యూహెచ్‌డీ 730 అనే పేరున్న దాని గ్రాఫిక్స్‌లో ఉన్నవీ 24 యూనిట్లే, ఎన్100లో ఉన్నన్నే. కానీ 1.4 గిగాహెర్ట్జ్ దాకా పరిగెడతాయి, రెండు మెమరీ ఛానెళ్ల అండ ఉంటుంది. రంగుల కుదింపు, బ్రౌజర్‌లో 4కే 60 వీడియో, వెనకాల మరో గదికి వీడియో మార్చి పంపే సర్వర్ పని అన్నీ కలిసొచ్చినా తట్టుకుంటుంది. అలాంటి సర్వర్ పని బరువుగా ఉంటే మాత్రం ఐ5-12500 దాకా వెళ్లాలి. అందులోని యూహెచ్‌డీ 770లో వీడియో ఇంజిన్లు రెండు. ఐ5-12400 కొనకండి, కోర్లు పెరిగినా దాని గ్రాఫిక్స్ ఐ3లో ఉన్న 730యే. రెండు మోడళ్ల మధ్య తేడా వంద అంకెలే కదా అనిపిస్తుంది గానీ, ఈ పనికి అసలు తేడా అక్కడే.

చివరన టీ అని ఉండే 12100టీ చూసి ఆశపడేవాళ్లుంటారు. అది 35 వాట్ల చిప్, మామూలు 12100 60 వాట్లది. లోపలి సిలికాన్ ఒకటే. మామూలుదాన్ని తీసుకుని బయాస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) పరిమితి 35 వాట్లకు తగ్గిస్తే టీ మోడల్ చేసే పనంతా చేస్తుంది. పైగా టీకి కూడా టర్బోలో, అంటే కాసేపు వేగం పెంచుకునే స్థితిలో, 69 వాట్లు మింగే హక్కుంది, మామూలుదానికి 89. కాబట్టి పేరులో టీ ఉన్నంత మాత్రాన చల్లగా ఉంటుందనుకోవద్దు.

రైజెన్ 5 8600జీది వేరే లెక్క. 2024 జనవరిలో వచ్చిన ఈ చిప్‌లో 760ఎం గ్రాఫిక్స్ ఉంది. రాత్రి సినిమా, మధ్యాహ్నం పిల్లల గేములు రెండూ ఒకే పెట్టెలో కావాలంటే ఈ మూడింటిలో ఇదొక్కటే దారి. 65 వాట్ల చిప్, 45 వాట్లకు దించే వీలుంది. మెమరీ రెండు స్టిక్కులు వేయాల్సిందే. ఒక్కటే వేస్తే గ్రాఫిక్స్‌కు సగం దారి మూసేసినట్టు. ఇదే సాకెట్‌కు రైజెన్ 5 7600 కూడా ఉంది కదా, ఏవీ1 కూడా విప్పుతుంది కదా అంటారా? దాని లోపల రెండు ముక్కల సిలికాన్ ఉంటుంది, ఊరికే కూర్చున్నప్పుడు కూడా వేడి ఎక్కువ. టీవీ పక్కన పెట్టె రోజులో ఎక్కువ సమయం ఊరికే కూర్చునేదే. 8600జీ ఒకే ముక్క.

చిప్ సంగతి తేలాక చాలామంది ఆగిపోతారు. అసలు కష్టాలు పెట్టె వెనక పోర్టు దగ్గర మొదలవుతాయి. చిప్‌కు సామర్థ్యం ఉన్నా బోర్డు దాన్ని బయటికి తేవాలి. చవక ఎన్100 పెట్టెల్లో, చవక బోర్డుల్లో కొన్నిట్లో రెండు హెచ్‌డీఎంఐలుంటే ఒకటి 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అట్ట మీద 4కే అని పెద్దక్షరాలతోనే ఉంటుంది, హెర్ట్జ్ మాత్రం స్పెసిఫికేషన్ల అడుగున దాక్కుంటుంది. పైన పటారం లోన లొటారం.

హెచ్‌డీఎంఐ 2.0కి సెకనుకు 18 గిగాబిట్ల సత్తువ. 4కే 60 హెర్ట్జ్, 8-బిట్, పూర్తి రంగు సమాచారం పంపితేనే 17.82 అయిపోతుంది. అదే 10-బిట్ కావాలంటే 22కు పైగా కావాలి, పట్టదు. కాబట్టి డెస్క్‌టాప్‌ను 60 హెర్ట్జ్‌లో పెట్టి హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే డ్రైవర్ చప్పుడు కాకుండా రంగు సమాచారాన్ని తగ్గించి 4:2:2కి దిగుతుంది, లేదా 8-బిట్‌కు. మెనూ అక్షరాల అంచులు మసకగా, ఎరుపు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే కారణం ఇదే, టీవీ పాడవలేదు. సినిమాలకు బెంగలేదు. 24 హెర్ట్జ్‌లో 10-బిట్ పూర్తి రంగుతో 11 గిగాబిట్ల చిల్లరే. 2.0 పోర్టులోనే హాయిగా పడుతుంది.

ఏఎండీ చిప్‌తో లినక్స్ వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. హెచ్‌డీఎంఐ 2.1ను ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో పెట్టడానికి ఆ ప్రమాణాలు రాసే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదని 2024లో తేలింది. బోర్డు మీద 2.1 అని రాసున్నా అప్పటికి ఆ డ్రైవర్‌తో దొరికింది 2.0 సత్తువే. అలాంటి డ్రైవర్‌తో 4కే 120 హెర్ట్జ్ గేములు కావాలంటే డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే యాక్టివ్ అడాప్టర్ పెట్టుకోవాలి, వాటిలో కొన్ని హెచ్‌డీఆర్‌తోనో ఆడియోతోనో పేచీ పెడతాయి. సినిమాలు మాత్రమే అయితే ఈ గొడవ మీది కాదు.

సినిమా సెకనుకు 24 ఫ్రేములని అందరూ అంటారు. డిస్కుల మీద ఎక్కువగా ఉండేది 23.976. టీవీని కచ్చితంగా 24.000 హెర్ట్జ్‌లో నడిపితే ప్రతి 41.7 సెకన్లకు ఒక ఫ్రేము రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. రెండున్నర గంటల సినిమాలో అలాంటి తడబాట్లు రెండు వందలు దాటుతాయి. కెమెరా మెల్లగా పక్కకు కదిలే షాట్లలో చిన్న ఎగురు కనిపిస్తుంది, ఒకసారి కనిపెట్టారా ఇక కళ్లు అదే వెతుకుతాయి. 2011 నాటి ఇంటెల్ సాండీబ్రిడ్జ్ చిప్‌లు 23.976ను సరిగా పుట్టించలేక హోమ్ థియేటర్ జనం నోట్లో బాగా నానాయి. ఇప్పటి ఈ మూడు చిప్‌లకూ ఆ జబ్బు లేదు. కానీ ప్లేయర్‌కు చెప్పాలి. కోడిలో ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి, డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ను వీడియోకు తగ్గట్టు మార్చే ఎంపికను 'మొదలైనప్పుడు, ఆగినప్పుడు' అని పెట్టండి. టీవీ ఒకట్రెండు సెకన్లు నల్లబడి మారుతుంది, అది సహజం. 60 హెర్ట్జ్‌లోనే వదిలేస్తే ఒక ఫ్రేము 50 మిల్లీసెకన్లు, పక్కది 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఆ కుదుపును ఏ ఖరీదైన ప్రాసెసరూ దాచలేదు.

ధ్వని విషయంలో మూడింటికీ తేడా లేదు. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ అనే ధ్వని ఫార్మాట్లు రెండిటినీ విప్పకుండా అలాగే రిసీవర్‌కు (స్పీకర్లను నడిపే పెట్టెకు) పంపగలవు. కంప్యూటర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి రిసీవర్‌కు పంపే ఏర్పాటైతే టీవీలో ఈఆర్క్ (ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగలో వెనక్కి పంపే కొత్త పద్ధతి) ఉండాలి. పాత ఆర్క్‌లో ట్రూహెచ్‌డీ పోదు. నేరుగా రిసీవర్‌కు కలపడమే మేలు.

ఇక చప్పుడు. దీనికి మూలం సగటు వేడి కాదు, క్షణాల్లో ఎగిరే వేడి. మెనూ తెరిచారు, పోస్టర్లు లోడవుతున్నాయి, కోర్లు ఒక్కసారిగా టర్బోకు వెళ్తాయి, సెకనులో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలు ఎగురుతుంది, ఫ్యాన్ బుస్సుమని లేచి మళ్లీ చల్లారుతుంది. ఒకే తీరున నడిచే ఫ్యాన్‌కు చెవి అలవాటుపడుతుంది, లేచి పడే ఫ్యాన్‌కు పడదు. కాబట్టి రెండు పనులు చేయాలి. మొదటిది వాట్ల పరిమితి. 12100లో పీఎల్1 (ఎప్పుడూ ఉండే పరిమితి), పీఎల్2 (టర్బో పరిమితి) రెండింటినీ 35కే కట్టేయండి, సినిమాలో తేడా కనిపించదు. 8600జీని బయాస్‌లో ఈకో మోడ్ 45కి దించితే సాకెట్ దగ్గర గరిష్ఠ పరిమితి 88 వాట్ల నుంచి 61కి దిగుతుంది. ఎన్100 పెట్టెల్లో తయారీదార్లు 6 వాట్లను పట్టించుకోకుండా 15, ఇంకా పైకి కూడా పెడుతుంటారు. బయాస్‌లో అడ్వాన్స్‌డ్, పవర్ అండ్ పెర్ఫార్మెన్స్, దాని కింద సీపీయూ పవర్ మేనేజ్‌మెంట్‌లో పవర్ లిమిట్ 1 ఉంటుంది. చాలావాటిలో విలువ మిల్లీవాట్లలో ఇవ్వాలి. 10 వాట్లంటే 10000. పొరపాటున 10 అని కొట్టి చిప్ ఎందుకు నత్తలా నడుస్తోందని జుట్టు పీక్కోకండి.

రెండోది ఫ్యాన్ వంపు. 65 డిగ్రీల దాకా అడ్డగీతలా ఒకే కనిష్ఠ వేగం, అక్కడి నుంచి 85 దాకా మెల్లగా ఎక్కేలా గీయండి. వేగం పెంచేముందు ఆగే సమయం అనే సెట్టింగ్ ఉంటే వీలైనంత ఎక్కువ పెట్టండి. ఈ చిప్‌లకు 70 డిగ్రీలు జ్వరం కాదు, 12100 హద్దు 100. ఫ్యాన్‌ను మొత్తంగా ఆపేసే మోడ్ వినడానికి బాగుంటుంది గానీ, ఆగిన ఫ్యాన్ మళ్లీ మొదలైనప్పుడు చేసే టిక్కుమనే శబ్దం నిశ్శబ్దంలో ఇంకా బాగా వినపడుతుంది.

చిప్‌తోపాటు డబ్బాలో వచ్చే కూలర్‌ను పక్కన పెట్టండి. 37 మిల్లీమీటర్ల ఎత్తుండే నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9 రకం చాలు, సాకెట్‌కు తగ్గ మోడల్ చూసుకోవాలి. దాని ఫ్యాన్ పూర్తి వేగంలో 2500 తిరుగుళ్లు, 23.6 డెసిబెల్స్. వేగం తగ్గించే చిన్న తీగ పెడితే 1800 తిరుగుళ్లు, 14.8 డెసిబెల్స్. మామూలు గదిలో మూడు మీటర్ల దూరానికి ఇది వినపడదు. ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్600లాంటి 2 లీటర్ల లోపు పెట్టెలో కూలర్‌కు 47 మిల్లీమీటర్ల దాకా చోటుంది, కాబట్టి 8600జీ అందులో ఈ కూలర్‌తో ఇమిడిపోతుంది.

ఫ్యాన్ అసలే లేని ఎన్100 పెట్టెలున్నాయి. ఇనప పెట్టె కాదు, మందపాటి అల్యూమినియం ఒళ్లే హీట్‌సింక్ అయినదాన్ని చూసి తీసుకోండి. సాధారణంగా వచ్చే లోపం చిప్‌కూ పెట్టె ఒంటికీ మధ్య. అక్కడ మందపాటి థర్మల్ ప్యాడ్ వేసి చేతులు దులుపుకుంటారు. పెట్టె చల్లగా ఉండి, లోపల చిప్ మాత్రం 90 దాటుతోందంటే వేడి బయటికి రావడం లేదన్నమాట. విప్పి, మధ్యలో రాగి ముక్క, మంచి పేస్ట్ పెడితే తేడా తెలుస్తుంది. తలుపులున్న టీవీ అరలో పెడితే మాత్రం ఏ పేస్టూ కాపాడదు. పైన కనీసం ఓ అరచెయ్యి పట్టేంత ఖాళీ, వెనక గాలి పోయే దారి ఉండాలి. ఇంకోటి, ఫ్యాన్ లేని పెట్టెలో మామూలుగా ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయే సన్నని 'కీచు' బయటపడుతుంది. కొన్నిసార్లు అది పెట్టెది కాదు, చవక అడాప్టర్‌ది. అడాప్టర్‌ను చెవి దగ్గర పెట్టుకుని విన్నాకే పెట్టెను తిట్టండి.

ఈ మూడింటిలో ఏదీ చేయలేని పనులూ ఉన్నాయి. 4కే బ్లూరే డిస్కును అధికారికంగా కంప్యూటర్‌లో ఆడించాలంటే ఇంటెల్ చిప్‌లలోని ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సదుపాయం కావాలి. 11వ తరం డెస్క్‌టాప్ చిప్‌ల నుంచి దాన్ని తీసేశారు, ఏఎండీకి ఎప్పుడూ లేదు. డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకాన్ని కోడి విండోస్‌లో గానీ మామూలు లినక్స్‌లో గానీ టీవీకి పంపదు. చాలా ఫైళ్లు మామూలు హెచ్‌డీఆర్10గా దిగి బాగానే ఆడతాయి. డాల్బీ విజన్‌లోనే ప్రొఫైల్ 5 అనే రకం ఫైళ్లు మాత్రం ఊదా, ఆకుపచ్చ ముఖాలతో వెక్కిరిస్తాయి. అది చిప్ తప్పు కాదు, ప్రాసెసర్ మారిస్తే పోదు. ఎంపీవీలోని కొత్త గ్రాఫిక్స్ పద్ధతి వాటిని సరిచేసి చూపించగలదు. లినక్స్ బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లాంటివి 4కే ఇవ్వవు. చూసేదంతా ఓటీటీలే అయితే అసలీ కంప్యూటరే మీకు వద్దు, టీవీలోని యాప్ ఇంతకన్నా బాగా చూపిస్తుంది.

మెమరీ 8 గిగాబైట్లు సరిపోతుంది. సర్వర్ కూడా నడిపితే 16. సినిమాలు దాచే తిరిగే హార్డ్ డిస్క్‌ను పెట్టెలో పెట్టకండి, ప్రాసెసర్‌ను ఎంత నిశ్శబ్దం చేసినా దాని గరగర పోదు. వేరే గదిలో నెట్‌వర్క్ మీద ఉంచి, తీగతో కలపండి. 4కే బ్లూరే ఫైళ్లు ఉద్ధృతంగా ఉన్నచోట 100 మెగాబిట్లు దాటుతాయి కాబట్టి గిగాబిట్ పోర్టు తప్పనిసరి. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో సాధారణంగా సీఈసీ (టీవీ రిమోట్ ఆదేశాలను హెచ్‌డీఎంఐ తీగలో పంపే సదుపాయం) ఉండదు. టీవీ రిమోట్‌తోనే నడపాలంటే విడిగా యూఎస్‌బీ సీఈసీ అడాప్టరో, ఇన్‌ఫ్రారెడ్ రిసీవరో కావాలి.

కొన్నాక, వాపసు గడువు ఉండగానే, ఒక పరీక్ష పెట్టండి. ఏవీ1 4కే ఫైలొకటి, హెచ్‌ఈవీసీ 10-బిట్ 60 ఫ్రేములదొకటి, 23.976 సినిమా ఒకటి తీసుకోండి. కోడిలో ఆడుతుండగా కీబోర్డు మీద ఇంగ్లిష్ ఓ నొక్కితే వివరాలు వస్తాయి. డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉండాలి. లేకపోతే భారం కోర్ల మీద పడుతున్నట్టే. ఎంపీవీలో ఇంగ్లిష్ ఐ నొక్కండి. అందులో హార్డ్‌వేర్ డీకోడింగ్ దానంతటది ఆన్‌లో ఉండదు, కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కి చూసుకోవాలి. పది నిమిషాలయ్యాక జారిన ఫ్రేముల అంకె పెరుగుతోందా, టీవీ సమాచార పట్టీలో 23.976 లేదా 24 హెర్ట్జ్ కనిపిస్తోందా చూడండి. చివరిగా సినిమా ఆపేసి, గదిలో మిగతావన్నీ కట్టేసి, మీరు కూర్చునే సోఫాలోనే కూర్చుని రెండు నిమిషాలు వినండి.